ముసురు పట్టిన విశాఖని ఇష్టపడటం ఎలా?

అనంతపురం ఆడపడుచు | సెప్టెంబరు 14, మధ్యాహ్నం 3:20

అందరికీ నమస్కారం. మా ఆయనకి ట్రాన్స్‌ఫర్ అయి జూన్‌లో విశాఖ వచ్చాం. ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు. ఊరు బాగుంది, మనుషులు బాగున్నారు. వానతోనే నాకు పేచీ.

నవ్వకండి. వాన కోసం కప్పతల్లిని ఊరేగించే పల్లె నుంచి వచ్చినదాన్ని. చిన్నప్పుడు రోకలికి కప్పను కట్టి ఇంటింటికీ తిప్పుతుంటే ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు గుమ్మరించేవాళ్ళు. మా వైపు ఏడాది మొత్తానికి పడేది సగటున 550 మిల్లీమీటర్లు. ఇక్కడ దాదాపు దానికి రెట్టింపట. అలాంటి దాన్ని ఇప్పుడు పొద్దున లేచి కర్టెన్ తీసి "ఈరోజూ ఇంతేనా" అనుకుంటున్నా.

ఎనిమిది రోజులుగా సూర్యుణ్ణి చూడలేదు. గట్టిగా కురిసి వెలిసిపోతే బాధ లేదు. కురవదు, ఆగదు. ఈ పోస్టు రాస్తున్నది మధ్యాహ్నం మూడింటికి, లైటు వేసుకుని. బాబు స్కూలు సాక్సులు రోజూ పెనం మీద అట్టు తిప్పినట్టు తిప్పి తిప్పి ఆరబెడుతున్నా. ఉప్పు డబ్బాలో చెంచా దిగడం లేదు. బాత్‌రూమ్ తలుపు ఉబ్బి, వేస్తే రాదు, తీస్తే పడదు.

మొన్న అమ్మ ఫోన్ చేసి "ఉత్తర కార్తె వచ్చేస్తోందే, ఒక్క చినుకు లేదు" అంది. "ఇక్కడ తగ్గి చావట్లేదమ్మా" అని విసుక్కున్నా. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. అప్పటి నుంచి మనసు అదోలా ఉంది. మీరంతా ఈ వాతావరణాన్ని ఎలా ఇష్టపడుతున్నారో చెప్పండి. అబద్ధాలు వద్దు.

అప్పూఘర్ అల | సెప్టెంబరు 14, మధ్యాహ్నం 3:52

మీరు జూన్‌లో వచ్చారు, అదీ సమస్య. మే నెల ఇక్కడ గడపలేదు. అనంతపురంలో 42 డిగ్రీలున్నా చెట్టు నీడకి వెళ్తే ప్రాణం లేచొస్తుంది. ఇక్కడ 35 ఉంటే నీడలోనూ చెమటే, ఫ్యాన్ కిందా చెమటే. స్నానం చేసి తుడుచుకునేలోపు మళ్ళీ తడిసిపోతాం. ఉక్కపోత అంటే ఏమిటో ఒక్క వేసవి చూడండి, ఆ తర్వాత మబ్బు కనబడితే మీరే హారతి ఇస్తారు.

పకోడీ పార్టీ | సెప్టెంబరు 14, సాయంత్రం 4:05

ఉల్లిపాయ పకోడీ, అల్లం టీ, కిటికీ పక్కన కుర్చీ. చర్చ ముగిసింది.

అనంతపురం ఆడపడుచు | సెప్టెంబరు 14, సాయంత్రం 4:11

ఆ పకోడీ చేసేది ఎవరు సార్? ఆ కుర్చీ మీద ఆరేసిన తువ్వాళ్ళు తీసేది ఎవరు?

పకోడీ పార్టీ | సెప్టెంబరు 14, సాయంత్రం 4:13

…ఒప్పుకున్నాను.

సీతమ్మధార సుబ్బులత్త | సెప్టెంబరు 14, రాత్రి 8:30

అమ్మాయ్, ముందు ఇల్లు చూసుకో. బట్ట ఆరితే సగం దిగులు పోతుంది. నలభై ఏళ్ళ కాపురంలో నేర్చుకున్నవి చెప్తాను.

ఉప్పు డబ్బాలో నాలుగు బియ్యపు గింజలు వెయ్యి. తలుపు రాపిడి పడేచోట కొవ్వొత్తి రుద్దు, కొవ్వొత్తి లేకపోతే అరిగిపోయిన సబ్బుముక్క. బూట్లలో రాత్రి పాత పేపరు ఉండలు చేసి కుక్కు, పొద్దున తీసెయ్యి. మిషన్‌లో బట్టలు రెండుసార్లు తిప్పు, రెండోసారి నీళ్ళు లేకుండా ఉత్తినే పిండమను. పడగ్గదిలో మాత్రం ఆరెయ్యకు, రాత్రంతా ఆ తేమే పీలుస్తారు. హాల్లో తాడు కట్టి, కింద నుంచి టేబుల్ ఫ్యాన్ పెట్టు. పైన తిరిగే ఫ్యాన్ కన్నా అదే మేలు.

ముఖ్యమైనది ఇంకోటి. వాన తెరిపి ఇచ్చిన పావుగంట ఎక్కడున్నా వదులుకోకు. కిటికీలన్నీ తెరిచెయ్యి. ముసురని రోజంతా తలుపులు బిగించుకు కూర్చుంటారు చూడు, వాళ్ళ గోడలకే బూజు. సాయంత్రం కాస్త సాంబ్రాణి వెయ్యి.

ఇష్టపడటం సంగతి తర్వాత చూద్దాం.

పాత పోస్టాఫీసు | సెప్టెంబరు 14, రాత్రి 9:47

మాది వన్ టౌన్. మా వీధిలో మామిడాకు మీద వేలితో పేరు రాయొచ్చు, అంత నల్లపొడి. ఏటా మొదటి పెద్ద వాన పడ్డ రోజు చూరు నుంచి పడే నీళ్ళు కాఫీ డికాక్షన్‌లా ఉంటాయి. రెండో రోజుకి టీ. మూడో రోజుకి నీళ్ళు. ఆ మూడో రోజు డాబా ఎక్కితే డాల్ఫిన్ కొండ ఎవరో అప్పుడే కడిగి పెట్టినట్టుంటుంది, ఆకుపచ్చ అంటే ఏమిటో గుర్తొస్తుంది. అందుకే నాకు వాన ఇష్టం. కవిత్వమేం లేదు, శుభ్రం కోసం.

ఫిషింగ్ హార్బర్ కుర్రాడు | సెప్టెంబరు 14, రాత్రి 11:15

పకోడీ కబుర్లు బావున్నాయి. మా ఇంట్లో సంగతి కూడా వినండి.

మా నాన్న సరంగు, బోటు నడుపుతాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. అది అయిపోయిందనుకుంటే వెంటనే అల్పపీడనాల సీజన్. ఒకటో నంబరు, మూడో నంబరు హెచ్చరిక ఎగిరిందంటే బోట్లన్నీ జెట్టీ దగ్గర ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడాల్సిందే. ఐసు కొన్న డబ్బులు కరిగిపోతాయి. డీజిల్ కోసం తెచ్చిన అప్పు కరగదు. బోటులో పనిచేసే కళాసీలు వల అల్లుకుంటూ, పేకాడుకుంటూ కూర్చుంటారు. నాన్న అయితే ఒక్కడే వెళ్ళి సముద్రం చూసొస్తాడు, రోజుకి నాలుగుసార్లు. మేఘాన్ని అంత సేపు చూసే మనిషిని ఇంకెవర్నీ చూడలేదు నేను. ఆయన్ని అడిగితే "ఇష్టమేటి, కష్టమేటి, అది వస్తాది, పోతాది" అంటాడు.

మేడమ్, మీకు విసుగు రావడం తప్పు కాదు. ఇక్కడ పుట్టినవాళ్ళకే వస్తుంది.

అనంతపురం ఆడపడుచు | సెప్టెంబరు 15, ఉదయం 7:02

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మా నాన్న కూడా అంతే, ఉత్తర కార్తెలో రోజంతా పడమర వైపు చూస్తూ కూర్చుంటాడు. మీ నాన్న మబ్బు పోవాలని, మా నాన్న రావాలని.

సుబ్బులత్తా, సబ్బుముక్క పనిచేసింది! తలుపు పడుతోంది!

కెమిస్ట్రీ మాస్టారు (రిటైర్డ్) | సెప్టెంబరు 15, ఉదయం 9:30

దిగులు విషయంలో ఒక లెక్క. బాగా మబ్బు పట్టిన పగలు కూడా ఆరుబయట వెలుతురు వెయ్యి లక్స్‌కి (వెలుతురుని కొలిచే లెక్క) పైనే ఉంటుంది, చాలాసార్లు పదివేల దాకా వెళ్తుంది. మన ఇళ్ళలో ట్యూబులైటు కింద మూడొందలు ఉంటే గొప్ప. కన్ను సర్దుకుపోతుంది కాబట్టి తేడా మనకి తెలియదు. ఒంట్లో గడియారానికి తెలుస్తుంది. కాబట్టి అమ్మా, మధ్యాహ్నం మూడింటికి లైటు వేసుకుని లోపల కూర్చునే బదులు, పొద్దున అరగంట బాల్కనీలో కూర్చుని కూరగాయలు తరుక్కో. సూర్యుడు కనబడకపోయినా పని జరుగుతుంది.

ఇక మట్టివాసన. ఎండిన నేల మీద తొలి చినుకు పడితే వచ్చే ఆ వాసనకి 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పెట్రికోర్ అని పేరు పెట్టారు. అందులో ముఖ్యమైనది జియోస్మిన్. నేలలో ఉండే సూక్ష్మజీవులు తయారుచేస్తాయి. మనిషి ముక్కు దాన్ని చాలా తక్కువ మోతాదులో ఉన్నా పసిగడుతుంది.

అప్పూఘర్ అల | సెప్టెంబరు 15, ఉదయం 9:41

మాస్టారూ, ఎనిమిదో రోజు ముసురులో మాకు వస్తున్నది ఆ వాసన కాదు.

కెమిస్ట్రీ మాస్టారు (రిటైర్డ్) | సెప్టెంబరు 15, ఉదయం 9:44

అది బూజు. సుబ్బులత్తగారిని అడుగు.

కైలాసగిరి మలుపు | సెప్టెంబరు 15, రాత్రి 10:20

నా అభిప్రాయం వేరు. మీరు అన్నిటినీ కలిపి "వాన" అంటున్నారు, అందుకే విసుగు. పది రోజులు ఒకే కూర తిన్నట్టు. నిజానికి రోజూ అదే వాన కాదు.

తుంపర అంటే గొడుగు తీయాలా వద్దా అని ఆలోచించేది. జల్లు వచ్చి పలకరించి పోతుంది. జడి పట్టిందంటే చూరు కింద నిలబడ్డవాళ్ళు ఒకరితో ఒకరు మాటలు కలుపుతారు. ముసురంటే మీరు తిట్టుకుంటున్నది, దానికి తొందర లేదు. ఇవన్నీ కాక ఇక్కడ ఇంకోటుంది, దానికి పేరు నాకు తెలియదు. సముద్రం మీద నుంచి నడిచొచ్చే వాన.

కైలాసగిరి రోడ్డు మలుపులో బండి ఆపి చూడండి. దూరంగా నీళ్ళ మీద బూడిదరంగు తెర ఒకటి దిగి ఉంటుంది. దానికి ఇవతల సముద్రం పచ్చగా, నున్నగా ఉంటుంది. ఆ తెర కింద మాత్రం నీటి పైభాగం గరుకుగా, ఇసుక కాగితంలా మారుతుంది. ఆ గరుకు అంచు ఒడ్డు వైపు జరుగుతూ వస్తుంది. ముందు చల్లగాలి తగులుతుంది. తర్వాత కింద బీచ్ రోడ్డు మీద జనం పరిగెత్తడం కనబడుతుంది, మీ మీద ఇంకా చినుకు పడదు. ఆ తర్వాత కింద కొబ్బరిచెట్ల చప్పుడు. అప్పుడు మీరు తడుస్తారు. మొత్తం మూడు నాలుగు నిమిషాలు. పదిహేనేళ్ళుగా చూస్తున్నాను, ప్రతిసారీ హెల్మెట్ పెట్టుకోవడం మర్చిపోతాను.

హుద్‌హుద్ తర్వాత | సెప్టెంబరు 16, రాత్రి 1:10

ఈ చర్చలో రాయకూడదనుకున్నాను. బయట గాలి మొదలైంది, నిద్ర రాక రాస్తున్నాను.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. తెల్లవారుజాము నుంచి గాలి. మొదట ఈల, తర్వాత రైలు, ఆ తర్వాత దేనితోనూ పోల్చలేం. హాలు కిటికీ అద్దం పగిలింది. నాన్న, నేను మంచాన్ని తలుపుకి అడ్డంగా నెట్టి దాని మీద కూర్చున్నాం. ఇద్దరి బరువూ ఉన్నా మంచం జరుగుతోంది. అమ్మ వంటగదిలో గ్యాస్ కట్టేసి దేవుడి పటాలు దుప్పట్లో చుట్టింది.

మధ్యాహ్నం ఒక్కసారిగా ఆగిపోయింది. ఎంత నిశ్శబ్దమంటే పక్కింటి పాప ఏడుపు వినబడింది. జనం బయటికొచ్చి ఫొటోలు తీసుకోవడం మొదలెట్టారు. కింద ఇంట్లో ఉండే నేవీలో చేసిన పెద్దాయన మెట్ల మీద నిలబడి "లోపలికి పోండి, ఇది తుఫాను కన్ను, ఇంకా సగమే అయింది" అని అరిచారు. నిజంగానే కాసేపటికి మళ్ళీ వచ్చింది, ఈసారి అటు నుంచి ఇటు. పొద్దున నిలబడ్డ చెట్లు అప్పుడు పడ్డాయి.

మర్నాడు డాబా ఎక్కితే సముద్రం కనబడింది. మా డాబా మీద నుంచి అంతకుముందు ఎప్పుడూ సముద్రం కనబడలేదు. మధ్యలో చెట్లుండేవి. కొండలన్నీ కాలిపోయినట్టు గోధుమరంగులోకి మారిపోయాయి. కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఫోన్లు లేవు. పాల ప్యాకెట్ కోసం కొట్టుకున్నారు. పదకొండు రోజులకి దీపావళి వచ్చింది, మా వీధిలో టపాసులు కాల్చాలని ఎవరికీ అనిపించలేదు.

చాలా ఏళ్ళు మబ్బు పడితే చాలు చేతులు చల్లబడేవి. ఇప్పుడు కొంత నయం. ఎలాగంటే, బులెటిన్ చదవడం నేర్చుకున్నాను. టీవీ చూడను, వాళ్ళు చినుకు పడితే ముప్పు అంటారు. వాతావరణ శాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం మన ఊళ్ళోనే ఉంది కదా, వాళ్ళ మాటల్లో ఒక మెట్ల వరస ఉంటుంది. అల్పపీడనం. గాలి గంటకి 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం. 50 దాటితే తీవ్ర వాయుగుండం. 62 దాటితేనే తుఫాను. హుద్‌హుద్ 180 దాకా వెళ్ళింది. ఈరోజు రాత్రి వీస్తున్నది అల్పపీడనం గాలి. ఆ గాలి వేగం అంకె కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటిస్తాను. పిచ్చిగా ఉంటుంది గానీ, దానితో నిద్ర పడుతుంది. ఒక్కోసారి.

హుద్‌హుద్ అంటే కూకుడుగువ్వ. ఒమన్ వాళ్ళు పెట్టిన పేరు. బొమ్మ చూశాను, తల మీద కిరీటంతో చాలా అందంగా ఉంటుంది.

సీతమ్మధార సుబ్బులత్త | సెప్టెంబరు 16, ఉదయం 5:40

నాయనా, పడుకున్నావా? మా వేపచెట్టూ ఆ రోజే పోయింది. దాని మొదట్లో పిలక వచ్చింది, ఇప్పుడది మా రెండో అంతస్తు దాటింది. ఎప్పుడైనా ఇటొస్తే చూపిస్తాను.

హుద్‌హుద్ తర్వాత | సెప్టెంబరు 16, ఉదయం 8:15

నాలుగింటికి నిద్ర పట్టిందండీ. వస్తాను.

మోడరేటర్ | సెప్టెంబరు 16, ఉదయం 10:00

ఉల్లి పకోడీలో బియ్యప్పిండి వెయ్యాలా వద్దా అన్న 34 పోస్టుల్ని వంటల విభాగానికి మార్చాం. దయచేసి అక్కడే కొట్టుకోండి.

గోపాలపట్నం నడక | సెప్టెంబరు 17, రాత్రి 7:55

సింహాచలం గిరి ప్రదక్షిణ గురించి ఎవరూ రాయలేదేం? ఆషాఢ పౌర్ణమి ముందురోజు కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే 32 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. అడవివరం, హనుమంతవాక, అప్పూఘర్, ఎంవీపీ మీదుగా తిరిగి మాధవధార, ఎన్ఏడీ, మా గోపాలపట్నం. తడిసిన రోడ్డు మీద నడిచిన ఏడాది ఒకటుంది, పొడిగా నడిచిన ఏడాది ఒకటుంది. పొడి ఏడాది హనుమంతవాక చేరేసరికే అరికాళ్ళు బొబ్బలెక్కాయి. తడి ఏడాది తెల్లారేదాకా నడిచినా తెలియలేదు. వీధి వీధికీ మజ్జిగ, పులిహోర. గొడుగులు తెచ్చినవాళ్ళు కూడా కాసేపటికి మడిచేశారు, ఆ జనంలో గొడుగుకి చోటేదీ?

మేడమ్, వచ్చే ఏడాది మీ ఇంటి ముందు నుంచే వెళ్తాం. మంచినీళ్ళు పట్టుకుని నిలబడండి.

జ్ఞానాపురం | సెప్టెంబరు 18, ఉదయం 8:40

రైల్వే వంతెన కింద మోకాళ్ళ లోతు నీళ్ళు. ఆటో ఆగిపోయింది. అందులో కూర్చునే ఇది రాస్తున్నా. వానని ఇష్టపడేవాళ్ళంతా దయచేసి వచ్చి తొయ్యండి.

అనంతపురం ఆడపడుచు | అక్టోబరు 5, రాత్రి 9:10

చాలా రోజులైంది. మీ అందరికీ ఒక రిపోర్టు బాకీ ఉన్నాను.

మాస్టారు చెప్పినట్టు పొద్దున బాల్కనీలో కూరగాయలు తరుగుతున్నా. మొదటి వారం తేడా ఏం లేదు. తర్వాత మధ్యాహ్నం నిద్ర రావడం తగ్గింది. దానివల్లేనా అంటే చెప్పలేను. కైలాసగిరి మలుపు దగ్గర రెండుసార్లు ఆగాం. ఒకసారి ఏమీ రాలేదు. రెండోసారి వచ్చింది, మీరు రాసినట్టే, ముందు నీళ్ళు గరుకైపోయాయి. బాబు "అమ్మా, సముద్రానికి చలేస్తోంది" అన్నాడు. వెనక్కొస్తూ బీచ్ రోడ్డులో మొక్కజొన్న పొత్తులు తిన్నాం. ఆ బండావిడ ఒక చేత్తో గొడుగు బొగ్గుల మీద పట్టుకుని, రెండో చేత్తో విసనకర్ర ఊపుతోంది. తను మాత్రం నిలువునా తడిసింది. గొడుగు తన మీదికి కాస్త జరుపుకోమన్నాను. "నేను తడిస్తే ఆరతానమ్మా, బొగ్గు తడిస్తే బేరం పోద్ది" అంది.

నిన్న ఆదివారం ఎర్రమట్టి దిబ్బలకి వెళ్ళాం, భీమిలి దారిలో. సన్నగా తుంపర. ఎవరూ లేరు. ఆ గట్లన్నీ ఇసుకేనట, ఇనుము తుప్పు వల్ల ఎర్రబడిందట. వాననీళ్ళే వేల ఏళ్ళుగా కోసుకుంటూ ఆ లోయలు చేశాయని మా ఆయన చదివి వినిపిస్తున్నాడు. నేను వినట్లేదు. తడిసిన ఎర్రమట్టి వాసన అది. మా చేలో తొలి దుక్కి వాసన. మూడు నెలలుగా ఈ ఊళ్ళో ఇంత వాన చూశాను గానీ ఆ వాసన రాలేదు, మా కాలనీలో అంతా సిమెంటే కదా. అక్కడే నిలబడి అమ్మకి ఫోన్ చేశా.

అమ్మ ముందే చెప్పింది, మా వైపు ఒక వాన పడిందట. పెద్దదేం కాదు. శెనక్కాయ పంట సగమైనా చేతికొస్తుందేమో అంది. తర్వాత "మీకింకా పడుతోందా?" అని అడిగింది. ఈసారి విసుక్కోలేదు. పడుతోందమ్మా అన్నాను. "ఏదీ, ఫోను బయట పెట్టు, వింటా" అంది.

తుంపరకి చప్పుడేం ఉంటుంది? అందుకని బాబు గొడుగు తెరిచి, ఫోను దాని కింద పట్టుకున్నాను.

ఫిషింగ్ హార్బర్ కుర్రాడు | అక్టోబరు 5, రాత్రి 9:34

అక్కా, నాన్న నాలుగు రోజుల క్రితం వేటకెళ్ళాడు. రేపు వస్తాడు. హార్బర్‌కి రండి, మీకు చేపలిప్పిస్తా.

సీతమ్మధార సుబ్బులత్త | అక్టోబరు 5, రాత్రి 9:50

ఇంతకీ ఉప్పు డబ్బాలో బియ్యం వేశావా?

అనంతపురం ఆడపడుచు | అక్టోబరు 5, రాత్రి 9:53

వేశానత్తా. మా ఆయన పురుగులనుకుని ఏరి పారేశాడు.